లడ్లో కోట, మన దత్తమండలాలు

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ళు వీకెండ్ ట్రిప్ అంటే బాత్, ఆక్స్‌ఫర్డ్, కాట్స్‌వోల్డ్స్ తప్ప ఇంకో పేరు ఎత్తరు. ష్రాప్‌షైర్‌లో వేల్స్ బోర్డర్ దగ్గర లడ్లో అని ఒక చిన్న మార్కెట్ టౌన్ ఉంది, నన్నడిగితే ముందు అక్కడికి వెళ్ళండి, మీది రాయలసీమ అయితే తప్పకుండా వెళ్ళండి.

ఊరు గుట్ట మీద, కింద టీమ్ నది. గుట్ట కొసన ఉన్న కోటని 11వ శతాబ్దం చివర్లో ద లేసీ అనే నార్మన్ కుటుంబం మొదలెట్టింది. వేల్స్‌నీ బోర్డర్ జిల్లాల్నీ పాలించే కౌన్సిల్ తర్వాత్తర్వాత ఇక్కడే ఉండేది. ఏడో హెన్రీ పెద్ద కొడుకు ఆర్థర్‌కి 15 ఏళ్ళకే పెళ్ళి చేసి భార్య కేథరిన్‌తో ఇక్కడికి పంపారు, కొన్ని నెలలకే, 1502 ఏప్రిల్‌లో, ఈ కోటలోనే చనిపోయాడు పాపం. అతను బతికుంటే తమ్ముడు ఎనిమిదో హెన్రీకి సింహాసనమే దక్కేది కాదు, వదిననే పెళ్ళి చేసుకుని, ఆ పెళ్ళి రద్దు కోసం పోప్‌తో తెగదెంపులు చేసుకునే అవసరమూ వచ్చేది కాదు. ఆ గోడల మధ్య నిలబడి ఇదంతా తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక మన సంగతి. శిథిలమైన ఈ కోటని 1811లో కొన్నది పోవిస్ ఎర్ల్ అనే బిరుదున్న ఎడ్వర్డ్ క్లైవ్, రాబర్ట్ క్లైవ్ కొడుకే. ఇరవై ఏళ్ళు లడ్లో ఎంపీగా చేసి, 1798 నుంచి 1803 దాకా మద్రాస్ గవర్నర్‌గా ఉన్నాడు. కడప, అనంతపురం, బళ్ళారి ప్రాంతాల్ని నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చింది 1800లో, అంటే దత్తమండలాలు మద్రాస్ కింద చేరినప్పుడు గవర్నర్ ఇతనే! మన స్కూల్ పుస్తకాల్లో అప్పటి కలెక్టర్ థామస్ మన్రో పేరు వస్తుంది కానీ ఈయన పేరు ఎక్కడా కనపడదు, నాకైతే ఇది చాలా పెద్ద లోటనిపిస్తుంది. కోట ఇప్పటికీ పోవిస్ ఎస్టేట్ వాళ్ళదే.

సెయింట్ లారెన్స్ చర్చిలో తొందర పడొద్దు. పాటలు పాడేవాళ్ళు కూర్చునే చెక్క సీట్లు పైకి మడిస్తే అడుగున చిన్న గట్టులా ఉంటుంది, గంటల తరబడి నిలబడి ప్రార్థన చేసేటప్పుడు కాస్త ఆనుకోడానికి. దాని కింద 1400ల నాటి చెక్కడాలు. మత్స్యకన్య ఉంది, కల్లుకొలతలో మోసం చేసినట్టు బీర్ అమ్మకంలో మోసం చేసిన ఆడమనిషిని దెయ్యం నరకానికి మోసుకుపోతోంది. రాజుల బొమ్మలకన్నా ఇవే నాకు ఇష్టం, మామూలు జనం కోపతాపాలు కనిపిస్తాయి కాబట్టి.

బయటికొస్తే బటర్‌క్రాస్ అనే పాత మార్కెట్ భవనం, అక్కణ్ణుంచి బ్రాడ్ స్ట్రీట్ ఏటవాలుగా దిగి ఊరి చుట్టూ కట్టిన పాత గోడ గేటు దాకా వెళ్తుంది. 1619 నాటి ఫెదర్స్ హోటల్ ముందు నల్ల దూలాల పనితనం చూడండి. సెప్టెంబర్‌లో ఫుడ్ ఫెస్టివల్ 1995 నుంచీ జరుగుతోంది, అప్పుడు రద్దీ ఎక్కువ. నా మాట వింటే మామూలు సంత రోజునే వెళ్ళండి, కోట ముందు స్క్వేర్‌లోనే అంగళ్ళు పెడతారు. ష్రూస్‌బరీ, హెర్‌ఫర్డ్ మధ్య రైలు లడ్లోలో ఆగుతుంది, స్టేషన్ నుంచి నడిచే పోవచ్చు.