గేటు వరకు నడిచి కొలిచిన ఆరు నెలలు

మా నాయనమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు పట్టేయకుండా రోజూ కాసేపు నడవమని డాక్టరు చెప్పారు. మా డాబా మీద నిలబడితే పక్క వీధి పార్కులోని వేపచెట్టు కనిపిస్తుంది, అంత దగ్గర. ఒకరోజు నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. పార్కు గేటు మాత్రం అటువైపు రోడ్డు మీద ఉంది. ప్రహరీ వెంబడి చుట్టు తిరిగి, వాహనాలు ఆగని ఆ రోడ్డు దాటి, గేటు చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. తీరా చూస్తే తాళం వేసి ఉంది. అప్పుడు ఉదయం పదకొండు. నాయనమ్మ ఒక దుకాణం మెట్ల మీద కూర్చుని, "నీళ్లుంటే ఇవ్వమ్మా" అని మాత్రం అడిగింది.

నేను అప్పుడు హైదరాబాద్‌లో పట్టణ ప్రణాళికలో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్రాజెక్టుకు అంశం ఇంకా కుదరలేదు. మల్కాజిగిరి వైపు, రైలు పట్టాలకు రెండు పక్కలా ఉన్న కాలనీల వాళ్లకు పార్కు నిజంగా ఎంత దూరంలో ఉందో కొలవాలని ఆ మెట్ల దగ్గరే అనుకున్నాను.

ముందు పార్కుల జాబితా కావాలి. రెండుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగినా దొరకలేదు. చివరికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. 30 రోజుల గడువు దాటిన తర్వాత నాలుగు కాగితాలు వచ్చాయి. వాటిలో కాలనీ పేరు, విస్తీర్ణం గజాల్లో ఉన్నాయి. ఏ వీధిలో ఉందో, తెరిచి ఉంటుందో లేదో ఏమీ లేదు. ఆ కాగితాలు పట్టుకుని వెళితే కొన్నిచోట్ల పార్కుకు బదులు నీళ్ల ట్యాంకు, ఒకచోట కమ్యూనిటీ హాలు, మరొకచోట ముళ్లకంప నిండిన ఖాళీ జాగా కనిపించాయి. ట్యాంకు, హాలు కూడా జనానికి అవసరమే, వాటిని తప్పు పట్టను. కానీ అక్కడ లేని పార్కు లెక్కలో ఉండిపోతే, ఆ కాలనీకి కొత్తది కావాలని ఎవరూ అడగరు. అందుకే ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లెవరైనా జాబితాలోని ప్రతి స్థలానికీ స్వయంగా వెళ్లి చూడాలి. నాకు మూడు వారాలు పట్టింది, ఒక్కరోజు కూడా వృథా కాలేదు.

తర్వాత క్యూజీఐఎస్ అనే పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పటం తయారు చేశాను. వీధులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, అందరూ కలిసి తయారు చేసే ఉచిత ఆన్‌లైన్ పటం నుంచి తీసుకున్నాను. మామూలు మనిషి నిమిషానికి 80 మీటర్లు నడుస్తాడని లెక్క వేస్తారు, అంటే ఐదు నిమిషాలకు 400 మీటర్లు. ప్రతి పార్కు మధ్యలో ఒక చుక్క పెట్టి చుట్టూ 400 మీటర్ల దూరం వరకు వృత్తం గీసి, ఐదు నిమిషాల్లో పార్కు చేరగలిగే ఆ మేరకు ఆకుపచ్చ రంగు వేశాను. పటమంతా ఆకుపచ్చగా నిండిపోయింది. దాన్ని సంతోషంగా మా గైడు మేడమ్‌కు చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "గేట్లు ఎక్కడున్నాయమ్మా?" అని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్నతో పని మళ్లీ మొదటికి వచ్చింది. నాయనమ్మతో గోడ చుట్టూ తిరిగిన మనిషినే, పటం ముందు కూర్చోగానే ఆ గోడను మరిచిపోయానని బాధ కలిగింది. ఫోను పట్టుకుని ప్రతి పార్కు చుట్టూ నడిచి, గేటు ఉన్నచోట జీపీఎస్ గుర్తు పెట్టుకున్నాను. చాలా పార్కులకు ఒకే గేటు. రెండు గేట్లున్న చోట ఒకదానికి తాళం తుప్పు పట్టిపోయి ఉంది. రైలు పట్టాల సంగతి ఇంకా పెద్దది. వృత్తం పట్టాలను దాటేస్తుంది, మనిషి దాటలేడు. పట్టాలకు ఇటు ఉన్న ఇంటి నుంచి అటు ఉన్న పార్కుకు నేరుగా గీత గీస్తే 250 మీటర్లు. రైల్వే వంతెన కింద నుంచి నేను నడిచి వెళితే కిలోమీటరు దాటింది. ఆ వంతెన కింద వాన పడితే నీళ్లు నిలుస్తాయి.

గేట్లను గమ్యాలుగా పెట్టి, వీధుల వెంబడి 400 మీటర్లు లెక్క కట్టి మళ్లీ పటం వేశాను. ఆకుపచ్చ సగానికి తగ్గింది. తర్వాత నాయనమ్మ వేగంతో వేశాను. ఆవిడతో నాలుగు రోజులు నడిచి చూస్తే, ఆగిన సమయంతో కలిపి నిమిషానికి 30 మీటర్లు దాటలేదు. ఐదు నిమిషాలకు 150 మీటర్లే. ఆ పటంలో ఆకుపచ్చ గేట్ల దగ్గర చిన్న చిన్న గుత్తులుగా మిగిలింది. నా ప్రాజెక్టు మొత్తంలో నాకు అత్యంత ముఖ్యమైన పటం అదే.

జనాభా లెక్క మరో కష్టం. చేతిలో ఉన్నది 2011 జనగణన. అప్పటి ఒంటి అంతస్తు ఇళ్ల స్థానంలో ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అపార్ట్‌మెంట్ల కింద పార్కింగులో కరెంటు మీటర్లన్నీ వరుసగా ఒకేచోట ఉంటాయి. వాచ్‌మన్‌ను అడిగి వాటిని లెక్కపెట్టాను. ఖాళీ ఫ్లాట్లు తీసేసి మిగతా కుటుంబాల సంఖ్య అంచనా వేశాను. ఈ ఉపాయం నేర్పింది ఒక వాచ్‌మన్ భార్యే. "ప్రతి తలుపూ ఎందుకు తడతావమ్మా, మీటర్లు చూసుకో" అంది.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం 5,000 మందికి అర హెక్టారు పార్కు, 15,000 మందికి ఒక హెక్టారు పార్కు ఉండాలి. అర హెక్టారంటే సుమారు ఆరు వేల గజాలు. మా కాలనీల్లో నేను చూసినవి ఎక్కువగా ఐదారు వందల గజాలవి. నగరం మొత్తానికి సగటు తీస్తే ఈ కొరత కనిపించదు. జూబ్లీహిల్స్ కేబీఆర్ జాతీయ ఉద్యానం దాదాపు 390 ఎకరాలు, దోమలగూడ ఇందిరా పార్కు 76 ఎకరాలు. వాటిని అందరి తలలకూ పంచితే మా వీధి పిల్లవాడి వాటాలో కూడా కొన్ని గజాలు పడతాయి. సాయంత్రం బంతి పట్టుకుని వాడు అక్కడికి నడిచి వెళ్లలేడు. అందుకే తలసరి లెక్కను నేను ఒక్క పేజీకి పరిమితం చేశాను.

చివరి నెల జనంతో మాట్లాడటానికి కేటాయించాను, ఇది ముందే చేసి ఉండాల్సింది. పార్కులు ఉదయం ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకే తెరుస్తున్నారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఖాళీ దొరికేది పదకొండు, మూడు గంటల మధ్య. రెండు ఇళ్ల పనికి మధ్య ఎక్కడ కూర్చుంటారని ఒకావిడను అడిగాను. "ఎక్కడమ్మా, ఆ గోడ నీడనే" అని పార్కు ప్రహరీ చూపించింది. లోపల బెంచీలు ఖాళీగా ఉన్నాయి. గేటు నుంచి నలభై అడుగుల దూరంలో ఉన్న ఆవిడకు పార్కు అందుబాటులో ఉన్నట్టు నా పటం చెబుతోంది. ఆ రాత్రే గంటలవారీగా పటాలు వేశాను. మధ్యాహ్నం రెండు గంటల పటంలో ఆకుపచ్చ ఎక్కడా లేదు.

ప్రాజెక్టు సమర్పించాక ఆ పటాలను మా కాలనీ సంక్షేమ సంఘం సమావేశానికి పట్టుకెళ్లాను. పార్కు వెనక గోడకు, మా వీధి వైపు ఇంకో గేటు పెడితే ఎన్ని ఇళ్లు ఐదు నిమిషాల లోపలికి వస్తాయో వీధి పేర్లతో చూపించాను. దొంగల భయం ఉందని కొందరు, కుర్రాళ్లు చేరతారని కొందరు అన్నారు. మూడు సమావేశాలు జరిగాయి. గోడ పగలగొట్టడానికి అధికారుల అనుమతి వచ్చి, ఇనుప గేటు బిగించేసరికి నాలుగు నెలలైంది.

ఇప్పుడు నాయనమ్మ ఏడు నిమిషాల్లో వేపచెట్టు కింది బెంచీకి చేరుతోంది. మధ్యాహ్నం తాళం మాత్రం ఇంకా తీయడం లేదు. ఆ నాలుగైదు గంటలకు కాపలా మనిషి జీతం ఎవరివ్వాలన్నది వచ్చే నెల సమావేశంలో మాట్లాడతారు. రెండు గంటల పటం మళ్లీ ప్రింటు తీసి పెట్టుకున్నాను.