ఆడపిల్లలు ఎక్కువగా ఉన్న బడికి ఏ సంగీత నాటకం?

మా గుంటూరు హైస్కూలు వార్షికోత్సవానికి ఈసారి పాటలూ పద్యాలూ నిండుగా ఉన్న నాటకం వేయించాలని నిర్ణయించారు. పిల్లలకు సంగీతం చెప్పేది నేనే కనుక ఎంపిక బాధ్యత నాకు అప్పగించారు. పేర్లు ఇచ్చినవారిలో దాదాపు అందరూ బాలికలే. బాలురు నలుగురైదుగురికి మించరు. మన ప్రాంతంలో చాలా బడులకు ఇదే చిక్కు ఎదురవుతూ ఉంటుంది కాబట్టి, నేను ఏ నాటకాన్ని ఎందుకు పక్కన పెట్టానో, దేని వైపు మొగ్గానో కొంచెం వివరంగా రాస్తున్నాను.

పద్యనాటకం అనగానే మా పెద్దలందరూ సూచించింది తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’. రాయబారం సీను అంటే కృష్ణా, గుంటూరు జిల్లాల వారికి ఎంత మక్కువో చెప్పనక్కర్లేదు. బాలికకు కృష్ణుని వేషం వేయడానికి నాకు అభ్యంతరమేమీ లేదు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా రంగస్థలాన్ని ఏలారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామవేషానికి పేరుపడ్డారు. సురభి సమాజాల్లో స్త్రీలు పురుష పాత్రలనూ ధరించారు. అయితే కృష్ణుడు రాయబారానికి వెళ్లే ఆ కౌరవ సభలో మాట్లాడేవారంతా మగవారే, పంతాలన్నీ మగవారివే. మీసాలు అంటించుకున్నవారు పోగా మిగిలిన బాలికలు వింజామరలు పట్టుకొని నిలబడవలసి వస్తుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి ఉంది, మాతంగ కన్యలున్నారు. కాని కథ భారమంతా హరిశ్చంద్రుని గొంతు మీదనే ఉంటుంది, చంద్రమతికి మిగిలేది శోకమే. మా అమ్మమ్మ తరం వారు ఆ నాటకాన్ని ఎన్నిసార్లయినా చూస్తారన్నది వేరే సంగతి.

‘శ్రీకృష్ణ తులాభారం’ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. భర్తను నారదునికి దానమివ్వడం మొదలు తులసీదళంతో తూకం సరిపోయేదాకా కథను నడిపేది సత్యభామ, రుక్మిణి. అష్టమహిషులున్నారు, చెలికత్తెలున్నారు. స్థానం వారు పాడి ప్రసిద్ధం చేసిన ‘మీరజాలగలడా’ను 1966 నాటి సినిమాలో పి. సుశీల పాడారు కనుక, అది ఆడగొంతులో ఎలా పలుకుతుందో పిల్లలకు విడిగా చెప్పవలసిన పని లేదు. అయినా సవతుల మాత్సర్యాన్నే కథావస్తువుగా తీసుకొని తొమ్మిదో తరగతి బాలికల చేత నెలల తరబడి సాధన చేయించడం నాకు రుచించలేదు. ఇది నా అభిప్రాయం మాత్రమే. మా తెలుగు మాస్టారు దీన్ని చాదస్తం అన్నారు.

అంతకంటే పెద్ద ఇబ్బంది శ్రుతిది, అంటే పాడేవారు ఆధారంగా పట్టుకునే స్వరస్థాయిది; అంకె పెరిగేకొద్దీ స్థాయి హెచ్చుతుంది. నాటకం ఎంచుకునే వారు పాత్రలను లెక్కపెడతారు గానీ శ్రుతి సంగతి చాలాసార్లు రిహార్సల్ మొదలయ్యాకే గుర్తుకు తెచ్చుకుంటారు. ఈ వయసు బాలికలు ఐదు, ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలురకు గొంతు మారుతూ ఉంటుంది. ఒకటిలోనో రెండులోనో మొదలుపెట్టినా పైస్థాయిలో జీర తప్పదు. సత్యభామ పద్యానికి కృష్ణుడు పద్యంతోనే జవాబు చెప్పవలసిన చోట హార్మోనియం ఎవరి శ్రుతి పట్టుకోవాలి? అనుభవమున్న హార్మోనిస్టు మధ్యలో శ్రుతి మార్చగలడు, కాని వెనుక బృందంగా పాడే పిల్లలు చెదిరిపోతారు. అందుచేత బాలికలు పాడేది, బాలురు వచనంలో మాట్లాడేది కావాలనుకున్నాను. ఆ ఆలోచనే నన్ను బుర్రకథ వైపు నడిపించింది.

బుర్రకథలో తంబుర పట్టిన కథకురాలు కథ చెబుతుంది, ఇరుపక్కలా గుమ్మెటలనే చిన్న వాద్యాలు వాయిస్తూ వంతలు, అంటే సహగాయకులు, తందాన పలుకుతారు, ఒక వంత హాస్యం చూసుకుంటుంది. పాడే పని ఆ ముగ్గురికీ వెనుక బృందానికీ అప్పగిస్తే, ముందు నటించేవారికి మాటలు, అభినయం చాలు. ఇది ఆడవారికి కొత్త కళ కూడా కాదు: 1940లలో వామపక్ష కళాకారుల సంస్థ అయిన ప్రజానాట్యమండలి తరఫున మోటూరి ఉదయం వంటి స్త్రీలు దళం కట్టి బుర్రకథలు చెప్పారు. బుర్రకథకు పేరు తెచ్చిన పొన్నెకల్లు వాడైన షేక్ నాజర్‌ను మా జిల్లాలో మరచినవారు లేరు.

మేము ఎంచుకున్న కథ పల్నాటి యుద్ధానిది. గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య 12వ శతాబ్దంలో సాగిన ఆ వైరంలో గురజాల వైపు మంత్రాంగం నడిపింది నాయకురాలు నాగమ్మ. కోడిపోరుకు పందెం కట్టించి మాచర్ల వారిని ఏడేళ్ల వలసకు పంపిన బుద్ధి ఆమెది. బాలచంద్రుని తల్లి ఐతమ్మ, భార్య మాంచాల, అలరాజు భార్య పేరిందేవి — ఎవరి పట్టుదల వారిదే. బ్రహ్మనాయుడు, నలగాముడు, బాలచంద్రుడు, కన్నమదాసు పాత్రలకు మా బాలురు సరిగ్గా సరిపోతారు. కులభేదం లేకుండా అందరూ కలిసి కూర్చుని తినే చాపకూడు దృశ్యంలో ఎంతమంది పిల్లలనైనా కూర్చోబెట్టవచ్చు. శ్రీనాథుడు ఈ కథను ద్విపదలో రాయడం మరో సౌకర్యం, ఎందుకంటే రెండేసి పాదాలుగా సాగే ద్విపద బృందగానానికి చక్కగా ఒదుగుతుంది. బాలచంద్రుడు మోహించిన వేశ్య శ్యామాంగి ప్రసంగాన్ని, పేరిందేవి సహగమనాన్ని బడి నాటకం నుంచి తీసివేయాలని ముందే అనుకున్నాం. నాగమ్మను కుట్రలు పన్నే స్త్రీగా కాక, తన రాజు పక్షాన ఆలోచించిన మంత్రిణిగా చూపాలని నేను పట్టుబట్టాను.

ఇంగ్లీషు మీడియం బడిలో పనిచేసే స్నేహితురాలు ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సూచించింది. అందులో ఏడుగురు పిల్లల్లో ఐదుగురు ఆడపిల్లలు, పైగా సన్యాసినుల బృందం ఉంది కనుక అమెరికా బడులకు అది అనుకూలమే. కాని అనుమతి కొనాలి, స్క్రిప్టు తెప్పించుకోవాలి. మా బడ్జెట్టు హార్మోనిస్టుకే చాలదు.

అనుమతుల విషయంలో మన 1957 కాపీరైట్ చట్టం బడులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. బడి కార్యక్రమంలో భాగంగా సిబ్బంది, విద్యార్థులు ప్రదర్శించి, ప్రేక్షకులు బడికి చెందినవారికీ తల్లిదండ్రులకూ పరిమితమైతే అది ఉల్లంఘన కాదు. మా ఊరి వెంకటేశ్వర విజ్ఞాన మందిరం వంటి సభామందిరంలో టికెట్లు పెట్టి అందరినీ రానిస్తే ఆ వెసులుబాటు వర్తించదు. శ్రీనాథునితో ఆ చిక్కు లేదు గానీ, ఈ కాలపు రచయిత బుర్రకథ ప్రతిని వాడుకునేవారు ఇది గమనించాలి.

ప్రస్తుతం నాగమ్మ పాత్రకు ముగ్గురు పోటీలో ఉన్నారు. ముగ్గురికీ గొంతు బాగుంది గానీ, మాట విరుపు ఒక్కరికే ఉంది. కోడిపోరు పందెం మాటలు ముగ్గురి చేతా చదివించి తేల్చాలి. మాంచాల వీడ్కోలుతో నాటకాన్ని ముగించాలన్నది నా ప్రతిపాదన. డ్రిల్లు మాస్టారు మాత్రం రెండు పక్షాలూ తలపడిన కారెంపూడి యుద్ధం లేకుండా పల్నాటి కథ ఏమిటని వాదిస్తూ, చెక్కకత్తులకు వడ్రంగితో ధర కూడా మాట్లాడి వచ్చారు.