తీగలు వణకని రహదారి

ఆదివారం, రాత్రి 10.40

మధ్యాహ్నం భోజనాలయ్యాక యూరప్ రోడ్ల మీద లారీ నడిపే కంప్యూటర్ ఆట యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 తెరిచి, రోటర్‌డామ్‌లో సరుకు ఎక్కించుకొని హాంబర్గ్ దారి పట్టాను. ఇంట్లో అందరూ కునుకు తీస్తున్న వేళ నాన్న ఒక్కరే నిద్ర పట్టక వచ్చి నా వెనుక కుర్చీలో కూర్చున్నారు. ఆయన 26 ఏళ్లు విజయవాడ నుంచి కలకత్తాకు లారీ నడిపిన మనిషి కాబట్టి, ఆట మీద ఆసక్తి లేకపోయినా రోడ్డు కనిపిస్తే కళ్లు దాని మీదే నిలుస్తాయి. పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా చూసి, "ఆ కరెంటు తీగలేంట్రా, తెగి తెగి పాకుతున్నాయి? చూస్తుంటే కళ్లు లాగుతున్నాయి" అన్నారు.

నాలుగేళ్లుగా ఈ ఆట ఆడుతున్న నేను ఆ తీగలను చూడడం ఎప్పుడో మానేశానని అప్పుడు అర్థమైంది. లారీని రోడ్డు పక్కన ఆపి, ఆయన చూపించిన చోట జాగ్రత్తగా చూశాను. రెండు స్తంభాల మధ్య సాగవలసిన తీగ చిన్న చిన్న గీతల వరుసగా మారి ఉంది. లారీ మెల్లగా కదిలితే ఆ గీతలు చీమల బారులా ముందుకు పాకుతున్నాయి. రోడ్డు పక్క ఇనుప రెయిలింగు దూరానికి వెళ్లేకొద్దీ మెట్లు మెట్లుగా విరిగి మినుకుమినుకుమంటోంది.

నాది 24 అంగుళాల మానిటర్. 1920 అడ్డం, 1080 నిలువు, అంటే మొత్తం 20,73,600 పిక్సెళ్లు, తెర మీది రంగు గళ్లు. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మామూలుగా ఒక్కో పిక్సెల్‌కు ఒక్కచోట, దాని నడిమధ్య, అక్కడ ఏముందో చూసి ఆ రంగునే పిక్సెల్ అంతటికీ పూస్తుంది. ఇది వాకిట్లో వేసిన ముగ్గు చుక్కల మీద సన్నని దారం పరచడం లాంటిది. దారం కొన్ని చుక్కల మీదుగా పోతుంది, కొన్నింటి మధ్య నుంచి జారిపోతుంది. చుక్కలను మాత్రమే చూసి బొమ్మ గీసే కార్డుకు, చుక్కల మధ్య నుంచి పోయిన దారం ఉన్నట్టే తెలియదు. దూరాన ఉన్న కరెంటు తీగ పిక్సెల్ కన్నా సన్నగా ఉంటుంది కనుక ఒకచోట దొరికి మరోచోట తప్పిపోతుంది, లారీ కదిలినప్పుడల్లా దొరికే చోట్లు మారుతుంటాయి, మన కంటికి అది పాకుతున్నట్టు కనిపిస్తుంది.

దీనికి సూటి మందు ఒక్కటే, చుక్కలను దగ్గరగా పెట్టడం. తెర పిక్సెళ్లు పెరగకపోయినా, కార్డు లోపల గీసే బొమ్మను 3840 అడ్డం, 2160 నిలువుకు పెంచవచ్చు. అప్పుడు 82,94,400 పిక్సెళ్లు తయారవుతాయి. ప్రతి నాలుగింటి రంగులను కలిపి సగటు కట్టి తెర మీద ఒక్క పిక్సెల్‌గా చూపిస్తారు. ఆ నాలుగింటిలో ఒకదానికి తీగ తగిలినా పావు వంతు నలుపు మిగులుతుంది. తీగ పలచబడుతుందే తప్ప తెగిపోదు. సూపర్ శాంప్లింగ్ అంటే ఇంతే. లోపల గీసే కొలత, తెర కొలత ఒక్కటే కానక్కరలేదు. 2012లో డార్క్ సోల్స్ అనే ఆట పీసీకి వచ్చినప్పుడు తెర ఎంత పెద్దదైనా లోపలి బొమ్మ 1024 అడ్డం, 720 నిలువుకే పరిమితమై ఉంటే, ఒక ఆటగాడు సొంతంగా రాసిన చిన్న ప్రోగ్రామ్‌తో ఆ కట్టు విప్పాడు.

ఇది కొత్త విద్య కూడా కాదు. 2000లో వచ్చిన త్రీడీఎఫ్‌ఎక్స్ వూడూ 5 కార్డు ఈ పద్ధతితోనే అంచులను నునుపు చేసేది. ఖర్చు ఎక్కువ కావడంతో ఆ తరువాత చవక మార్గాలు వచ్చాయి. వాటిలో ఎంఎస్ఏఏ, ఆటలో వస్తువులను కట్టే త్రిభుజాల అంచుల దగ్గర మాత్రమే ఎక్కువ చోట్ల చూస్తుంది, కాబట్టి ఆకులు, జాలీ కంచెల వంటి బొమ్మల్లోపలి రంధ్రాలు దానికి పట్టవు. ఎఫ్ఎక్స్ఏఏ గీయడం పూర్తయిన బొమ్మ మీద అంచులు వెతికి పులుముతుంది. అసలు గీయని తీగ ముక్కను అది ఎక్కడి నుంచి తేగలదు? గడిచిన ఫ్రేములను, అంటే అంతకు ముందు క్షణాల్లో గీసిన బొమ్మలను, కూడా లెక్కలోకి తీసుకునే టీఏఏ తీగలను నిలబెట్టగలదు గానీ, కదలికలో బొమ్మ కొంత మసకబారుతుంది, డ్రైవింగ్ ఆటలో కదలని క్షణం దాదాపు ఉండదు. అందుకే నా మనసు పాత, బరువైన పద్ధతి వైపే మొగ్గింది.

మొదట నా కార్డు తయారుచేసే కంపెనీ ఎన్విడియా వారి డీఎస్ఆర్‌తో మొదలుపెట్టాను. 2014లో జీటీఎక్స్ 970, 980 కార్డులతో వచ్చిన ఈ సదుపాయం, మానిటర్‌కు లేని రిజల్యూషన్ (అడ్డం, నిలువు పిక్సెళ్ల కొలత) ఉన్నట్టు ఆటకు చూపించి, వచ్చిన పెద్ద బొమ్మను తెరకు సరిపోయేలా కుదిస్తుంది. అదే ఏడాది పోటీ కంపెనీ ఏఎండీ కూడా వీఎస్ఆర్ పేరుతో ఇలాంటిదే తెచ్చింది. డీఎస్ఆర్‌లో 4 రెట్లు ఎంచుకున్నాను. కుదించేటప్పుడు బొమ్మను ఎంత పులమాలో చెప్పే స్మూత్‌నెస్ మామూలుగా 33 శాతం దగ్గర ఉంటుంది. 4 రెట్లలో అడ్డానికి రెండు, నిలువుకు రెండు చొప్పున పిక్సెళ్లు సరిగ్గా పంచబడతాయి కనుక అదనపు పులుముడు అవసరం లేదని దాన్ని సున్నాకు దించాను. తీగలు నిలబడ్డాయి. కాని ఆట తన తెర నిజంగానే పెద్దదని నమ్మి అక్షరాలను సగానికి తగ్గించింది. "ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో కనపడట్లేదురా" అని నాన్న కళ్లద్దాలు తుడుచుకున్నారు. 2022లో వచ్చిన దీని కొత్త రూపం డీఎల్‌డీఎస్ఆర్ 2.25 రెట్లతోనే మంచి ఫలితం ఇస్తుందంటారు గానీ, దానికి ఎన్విడియా వారి కొత్త తరం ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాలి, నాది 6 జీబీల జీటీఎక్స్ 1060.

అదృష్టవశాత్తు ఈ ఆటలోనే లోపలి బొమ్మను పెంచే సొంత స్కేలింగ్ సెట్టింగు ఉంది, అది 400 శాతం దాకా వెళ్తుంది. ఆ 400 చాలామందిని భయపెడుతుంది గానీ, అది పిక్సెళ్ల మొత్తం లెక్క. ఆట సెట్టింగులు దాచుకునే కాన్ఫిగ్ ఫైలులో చూస్తే అడ్డానికి 2, నిలువుకు 2 అని కనిపిస్తుంది. ఈ దారిలో అక్షరాల పరిమాణం మారదు. డీఎస్ఆర్ తీసేసి, స్కేలింగ్ 400 పెట్టి, మళ్లీ అదే స్తంభాల దగ్గరకు వచ్చాం.

ఆ తరువాతి గంట నాకు చాలాకాలం గుర్తుంటుంది. తీగ ఒక స్తంభం నుంచి మరో స్తంభానికి చక్కగా వంగి, సన్నగా, తెగకుండా సాగింది. రెయిలింగు మలుపు చివరి వరకూ ఒకే గీతగా పోయింది. దూరంగా తిరుగుతున్న గాలిమరల రెక్కలు అంచుల దగ్గర చిట్లడం మానేశాయి. నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది, నీలి బోర్డుల మీద ఊళ్ల పేర్లు మునుపటి కన్నా ముందే చదవగలిగాను. కార్డు దూరపు వస్తువులకు చిన్న బొమ్మలను, దగ్గరి వాటికి పెద్ద బొమ్మలను వాడుతుంది. లోపలి రిజల్యూషన్ పెరిగితే అదే దూరంలో ఉన్న బోర్డు ఎక్కువ పిక్సెళ్లు ఆక్రమిస్తుంది కనుక, ఇంకా వివరమైన బొమ్మను ఎంచుకుంటుంది. నాన్న కుర్చీ ముందుకు జరుపుకొని, "ఇప్పుడు ఎదర బండి ఎంత దూరాన ఉందో తెలుస్తోంది" అన్నారు. లారీ నడిపేవారు బానెట్ ముందు నేలను చూడరని, అరకిలోమీటరు అవతల చూపు నిలుపుతారని చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చున్నప్పుడు చాలాసార్లు విన్నాను. ఆ అరకిలోమీటరు తెర మీద అరచేయంత చోటులో ఇమిడి ఉంటుంది. పిక్సెళ్ల కొరత అక్కడే.

దగ్గరి వస్తువులకు మాత్రం పెద్ద మేలు జరగలేదు. గోడ మీది బొమ్మ నాసిరకంగా ఉంటే ఎన్ని రెట్లు పెంచినా నాసిరకంగానే ఉంటుంది. నా మానిటర్ 4కే (3840 అడ్డం, 2160 నిలువు) మానిటర్ అయిపోదు కూడా, తెర మీద గళ్లు మునుపటి సైజులోనే ఉన్నాయి. లారీని ఆపి రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కొద్దిగానే కనిపించింది. బండి కదలాలి, అప్పుడే తెలుస్తుంది.

ఖర్చు సంగతి. ఇంతకు ముందు సెకనుకు 60 ఫ్రేముల దగ్గర కట్టేసి ఆడుతుంటే కార్డు సగం కూడా పనిచేసేది కాదు. ఇప్పుడు రహదారి మీద 50 చుట్టూ, హాంబర్గ్‌లోకి వానలో అడుగుపెట్టగానే 34కు పడిపోయింది. కార్డు వేడి 64 డిగ్రీల నుంచి 79కి ఎక్కింది, ఫ్యాన్ల హోరుకు అమ్మ తలుపు తీసి చూసింది. అద్దాల్లో కనిపించే బొమ్మ నాణ్యత ఒక మెట్టు, నీడల నాణ్యత ఒక మెట్టు దించితే ఊళ్లో 44కు వచ్చింది. నీడ అంచు కాస్త మొరటుగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. చాలామంది నీడలు, ప్రతిబింబాలు అన్నీ పైకి పెట్టి, మిగిలిన శక్తితో రిజల్యూషన్ చూసుకుంటారు. ఈ ఆట వరకు అది తలకిందుల లెక్క అని ఈ రోజు గట్టిగా అనిపించింది.

సాయంత్రం అయిదున్నరకు హాంబర్గ్‌లో సరుకు దించాము. రివర్స్ పెట్టేటప్పుడు ఎడమ అద్దం మసకగా ఉందని నాన్న పట్టుకున్నారు. రేపు స్కేలింగ్‌ను 300కు తగ్గించి, అద్దాలను మళ్లీ పైకి పెట్టి, అదే వానలో అదే ఊళ్లో తీగలు నిలుస్తాయో లేదో చూడాలి.