పావు మిల్లీమీటరు

నిమజ్జనం అయిన మూడో రోజు మా చెల్లెలి కొడుకు స్కూటర్ మీద కాళ్ల దగ్గర ఒక పదిహేను అంగుళాల స్పీకర్ పెట్టుకుని మౌలాలీలో ఉన్న మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దాటకముందే వాసన తెలిసిపోయింది. రాగి తీగ మీది ఎనామిల్, జిగురు, కాగితం మూడూ కలిసి మాడితే వచ్చే వాసన అది. ఒకసారి ముక్కుకు పట్టిందంటే ఇక జన్మలో మరిచిపోరు.

"పెద్దమ్మా, బాగవుతుందా?"

మీటరు పెట్టి చూశాను. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్ మీటరు మీద ఆరుకు అటూ ఇటూ చూపించాలి. ముల్లు కదలలేదు. కాయిల్, అంటే లోపలి రాగి తీగచుట్ట, తెగిపోయింది.

"మీ బస్తీ కుర్రాళ్లు దీన్ని వాయించారా, వేయించారా?" అన్నాను. వాడు నవ్వలేదు. నాలుగు బాక్సులు అద్దెకు తెచ్చారట. డిపాజిట్ తిరిగి రావాలంటే ఇది మోగాలి.

కొత్తగా చదువుతున్నవారి కోసం ఒక మాట. నేను చర్లపల్లి పారిశ్రామికవాడలో స్పీకర్లు తయారు చేసే ఒక చిన్న షెడ్డులో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. పేరున్న కంపెనీ ఏమీ కాదు. పద్దెనిమిది మందిమి ఉండేవాళ్లం, అందులో పదకొండు మంది ఆడవాళ్లమే. ఆడవాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి, ఈ పనికి అవే కావాలి అనేవాడు యజమాని. జీతాలు కూడా సన్నగానే ఉండేవి. మొదటి నాలుగేళ్లు కాయిల్ బిగించే బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాత చివరిదాకా నా పని వినడం. తయారైన ప్రతి స్పీకర్ నా చెవి దాటే బయటికి వెళ్లేది.

సరే, విప్పుదాం. గరాటులా ఉండే కాగితపు కోన్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టోపీని బ్లేడుతో కోసి తీశాను. అన్నిటికన్నా చివర అతికించేది దీన్నే, విప్పేటప్పుడు మొదట తీసేదీ దీన్నే. లోపల చూస్తే కాయిల్ బొగ్గులా ఉంది. చుట్టు ఊడి, పై వరుస తీగ పక్కకు ఉబ్బి, ఇనుప గోడకు ఒరుసుకుపోయి ఇరుక్కుంది.

ఆ గోడ గురించి చెప్పాలి, ఎందుకంటే స్పీకర్ పనంతా అక్కడే ఉంది. వెనక ఒక ఇనుప పళ్లెం, దాని మధ్యలో రోకలిలా నిలబడిన ఇనుప దిమ్మె. దాని చుట్టూ గుండ్రటి మాగ్నెట్. మాగ్నెట్ మీద చిల్లు ఉన్న మరో ఇనుప బిళ్ల. ఆ చిల్లు అంచుకూ మధ్య దిమ్మెకూ నడుమ గుండ్రంగా సన్నటి సందు మిగులుతుంది. మాగ్నెట్ బలమంతా వచ్చి పోగయ్యేది ఆ సందులోనే. మేము ఎక్కువగా చేసిన పన్నెండు అంగుళాల రకంలో సందు వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు. అందులో వేలాడే కాయిల్ మందమే మిల్లీమీటరు ఉంటుంది. ఇక మిగిలింది లోపల పావు, బయట పావు. రెండు వైపులా ఇనుమే. పాట కరెంటుగా వచ్చినప్పుడల్లా కాయిల్ ముందుకూ వెనక్కూ ఊగి, తనకు అతికిన కోన్‌ను ఊపుతుంది, ఆ ఊపే శబ్దం. అలా ఊగుతూ ఎన్నేళ్లయినా ఏ గోడనూ తాకకూడదు.

అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో చూపించిన పద్ధతి ఇది. అప్పట్లో బలమైన మాగ్నెట్లు దొరకక, ఇనుము చుట్టూ ఇంకో తీగచుట్ట వేసి, దానికి కరెంటు ఇచ్చి అయస్కాంతం చేసేవారు. తర్వాత అల్నికో వచ్చింది, దాని తర్వాత ఫెర్రైటు, ఇప్పుడు ఫోన్లలో, ఖరీదైన స్పీకర్లలో నియోడిమియం. మాగ్నెట్లు మారాయి కానీ సందు, కాయిల్, కోన్ మాత్రం అలాగే ఉన్నాయి.

మా దగ్గరికి ఫెర్రైటు చక్రాలు గడ్డి పరిచిన పెట్టెల్లో వచ్చేవి. చూడటానికి నల్లటి గ్రైండరు రాయిలా ఉంటాయి, చెయ్యి జారితే పింగాణీ పళ్లెంలా పగులుతాయి. విచిత్రం ఏమిటంటే, వచ్చేటప్పుడు వాటికి అయస్కాంత గుణం ఉండదు. గుండుసూది కూడా అంటుకోదు. కావాలనే అలా తెప్పిస్తారు. ముందే అయస్కాంతమై ఉంటే షెడ్డులో ఎగిరే ఇనుప రజనంతా లాక్కుని సందులో నింపుకుంటుంది. అందుకే ముందు పళ్లెం, చక్రం, బిళ్ల జిగురుతో అతికిస్తాం. సందు అన్ని వైపులా సమానంగా ఉండటానికి మధ్యలో ఇత్తడి బుష్షు దూర్చి ఆరనిస్తాం. బుష్షు తీశాక గాలి కొట్టి, ఇంకా నమ్మకం లేక అతుక్కునే టేపును పుల్లకు చుట్టి సందంతా తుడుస్తాం. కొత్తగా చేరిన పిల్లలు ఈ తుడిచే పనిని చిన్నచూపు చూసేవాళ్లు. ఒక్క రజను ముక్క మిగిలితే ఆ స్పీకర్ జీవితాంతం గరగరలాడుతూనే ఉంటుంది, దాన్ని మళ్లీ విప్పి తుడవాల్సింది వాళ్లే అని తెలిశాక చూపు మారేది.

కాయిల్ చుట్టే మెషీన్ దగ్గర ఒక పెద్దాయన కూర్చునేవాడు. వేడికి తట్టుకునే పసుపురంగు ఫిల్మును గొట్టంలా చుట్టి, దాని మీద తీగను పైనుంచి కిందికి ఒక వరుస, కిందినుంచి పైకి ఇంకో వరుస. వరుసలు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉండాలి, అప్పుడే తీగ రెండు కొసలూ పైకే వచ్చి కోన్ వైపు తిరుగుతాయి. చుట్టడం అయ్యాక ఆ తీగలోకే కాసేపు కరెంటు పంపిస్తే వేడికి పై పూత కరిగి చుట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. బయటి జిగురు అక్కర్లేదు.

కోన్లు మేము చేయలేదు, బయటినుంచి కొనేవాళ్లం. కానీ ఒకసారి వాటి తయారీ చూశాను. కాగితపు గుజ్జును నీళ్లలో గంటల తరబడి రుబ్బి, కోన్ ఆకారంలో ఉన్న సన్నటి జల్లెడ మీదికి వదిలి, కిందనుంచి నీళ్లు పీల్చేస్తారు. జల్లెడ మీద పీచు పొరలా నిలుస్తుంది, దాన్ని వేడి అచ్చులో ఆరబెడతారు. గుజ్జు ఎంత నలిగితే కోన్ అంత గట్టిగా, దట్టంగా వస్తుంది. తక్కువ నలిగితే తేలికగా, బరకగా ఉంటుంది. రుబ్బులో తేడా వస్తే స్పీకర్ గొంతే మారిపోతుంది. గారెల పిండి రుబ్బిన ఏ ఇల్లాలికీ దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక స్పైడర్. పేరు విని సాలీడు ఎక్కడ అని వెతకకండి. మడతలు మడతలుగా ఉండే గోధుమరంగు గుడ్డ చక్రం అది. నూలు గుడ్డను రెసిన్‌లో ముంచి వేడి అచ్చులో నొక్కితే ఆ మడతలు నిలుస్తాయి. పూర్వం దాన్ని గట్టి రేకులోంచి సన్నటి కాళ్లలా కోసేవారు, ఆ పేరు మిగిలిపోయింది. కాయిల్‌ను సందు మధ్యలో పట్టి ఉంచేదీ, ఊగి వచ్చాక మళ్లీ తన చోటికి లాగేదీ ఇదే. కాయిల్, స్పైడర్, కోన్ మూడూ కలిసే చోటును మేము మెడ అనేవాళ్లం. వర్షాకాలంలో మా తలనొప్పంతా ఆ మెడే. కాగితం తేమ పీల్చుకునేది, జిగురు ఆరేది కాదు. జూలై, ఆగస్టు నెలల్లో బల్లల మీద బల్బులు వేలాడదీసి, స్పీకర్లను కోడిపిల్లల్లా వాటి కింద పెట్టేవాళ్లం.

అన్నీ అతికి, తీగలు టంకం పెట్టి, అప్పుడు మాగ్నెటైజరు గదికి పంపేవాళ్లం. పెద్ద కెపాసిటర్ల నిండా కరెంటు నింపుకుని, అదంతా లిప్తలో ఒక లావుపాటి చుట్టలోంచి వదిలే యంత్రం అది. ఆ క్షణంలో వేల ఆంపియర్లు పోతాయి. బల్ల కింద ఎవరో గునపంతో పొడిచినట్టు ధన్‌మని శబ్దం వస్తుంది, అంతే, రాయిలాంటి చక్రం అయస్కాంతమైపోతుంది. ఆ గదిలోకి వెళ్లేముందు చేతి గడియారం, తాళిబొట్టుకు గుచ్చుకున్న పిన్నీసులు, చీర పిన్నీసులు అన్నీ తీసి గుమ్మం దగ్గరి స్టీలు గిన్నెలో వేయాలి. సాయంత్రం ఆ గిన్నె దగ్గర ఎవరి పిన్నీసు ఏదో తేలక రోజూ గొడవే.

ఆ యంత్రమే నాతో ఒకసారి తప్పు చేయించింది. మధ్యాహ్నం పాడైతే ఎలక్ట్రీషియన్ వచ్చి రెండు తీగలు మార్చి బిగించి వెళ్లాడు. ధన్‌మని మళ్లీ మోగింది, పని సాగింది. ఆ పూట నూట ముప్పై స్పీకర్లు నా బల్ల మీదికి వచ్చాయి. విన్నాను, అన్నీ శుభ్రంగా ఉన్నాయి, పంపించాను. అప్పట్లో ఒకటిన్నర వోల్టు సెల్లుతో చేసే పరీక్ష రోజూ పొద్దున మొదటి స్పీకర్‌కు మాత్రమే చేసేవాళ్లం. సెల్లు ప్లస్సును ఎర్రచుక్క ఉన్న చోట ఆనిస్తే కోన్ ముందుకు రావాలి. మర్నాడు పొద్దున ఆనిస్తే లోపలికి పోయింది. సెల్లు తిరగేసి పట్టుకున్నాననుకున్నాను. రెండోదీ లోపలికే, మూడోదీ లోపలికే. అప్పుడు కాళ్లు చల్లబడ్డాయి. తీగలు తారుమారై యంత్రం ఉత్తరం ఉండాల్సిన చోట దక్షిణం పెడుతోంది.

తిరగబడిన స్పీకర్ ఒంటరిగా మోగితే ఎవరూ కనిపెట్టలేరు. మంచిదాని పక్కన పెట్టి రెండూ కలిపి మోగిస్తేనే బయటపడుతుంది. ఒకటి గాలిని నెడుతుంటే ఇంకొకటి లాగుతుంది, బేస్, అంటే గుండెల్లో మోగే లోతైన మోత, మొత్తం మాయమవుతుంది. వాటిని అప్పటికే మంచివాటితో కలిపి అరల్లో సర్దేశారు, ఇరవై పైచిలుకు బయటికి కూడా వెళ్లిపోయాయి. పెళ్లిళ్లకు మైకు సెట్లు పెట్టే ఒకాయన రెండు స్పీకర్లు చంకన పెట్టుకుని వచ్చాడు. "అమ్మా, విడివిడిగా పెడితే రెండూ పులులే, కలిపితే పిల్లులు" అన్నాడు. రెండు రోజులు గోడౌనులో నేల మీద కూర్చుని సెల్లు పట్టుకుని ఒక్కొక్కటీ చూశాం. మరమ్మతు సులువే, థిన్నరుతో ఎర్రచుక్క తుడిచి రెండో వైపు పెట్టడం. యజమాని ఏమీ అనలేదు. నా బల్లకు ఒక సెల్లు బిగించి, దాని కింద ఆ రోజు తేదీ రాయించాడు. పదిహేనేళ్లు ఆ తేదీ చూస్తూ పనిచేశాను. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్లీ మా వాడి స్పీకర్ దగ్గరికి వద్దాం. "వాల్యూమ్ మరీ ఎక్కువ పెట్టలేదు పెద్దమ్మా" అన్నాడు. అందరూ ఇదే అంటారు. స్పీకర్‌కు ఇచ్చే కరెంటులో శబ్దంగా మారేది నూటికి ఒకటో రెండో వంతులు. మిగిలిందంతా ఆ సందులో వేడిగా దిగుతుంది. రాగి 100 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం దాదాపు 40 శాతం పెరుగుతుంది, స్పీకర్ తీసుకునే కరెంటు తగ్గుతుంది, మోత తగ్గుతుంది. మోత తగ్గింది కదా అని కుర్రాళ్లు ఇంకాస్త తిప్పుతారు. ఆంప్లిఫయర్ చిన్నదైతే మరీ ప్రమాదం. దాని శక్తి అయిపోయాక అలల తలలు నరికేసినట్టు చదునుగా పంపిస్తుంది, ఆ చదును అలలకు వేడి ఎక్కువ. చిన్న ఆంప్లిఫయర్ పెద్ద స్పీకర్‌ను కాల్చదని నమ్మేవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు.

కోఠి వెళ్లి కాయిల్, స్పైడర్, కోన్ తెచ్చుకున్నాం. సందులో మాడిన ముక్కలు టేపుతో తీయడానికే గంట పట్టింది. కాయిల్‌ను మధ్యలో నిలపడానికి లోపల నాలుగు వైపులా సన్నటి పట్టీలు దూర్చాలి. ఫ్యాక్టరీలో దానికి ప్లాస్టిక్ గేజీలుండేవి. ఊళ్లో స్పీకర్లు బాగుచేసేవాళ్లందరూ పాత ఎక్స్‌రే ఫిల్ములు కత్తిరించి వాడతారు, మందం పావు మిల్లీమీటరుకు కాస్త తక్కువగా సరిగ్గా సరిపోతుంది. మా ఆయన మోకాలి ఎక్స్‌రే ఒకటి బీరువా మీద ఉంది. అడిగాను. డాక్టరు మళ్లీ అడిగితే ఎలా అన్నాడు. మోకాలు ఇంట్లోనే ఉంది కదా అన్నాను.

మెడకు జిగురు వేసి రాత్రంతా ఆరనిచ్చాం. పొద్దున పట్టీలు తీసి, కోన్‌ను రెండు అరచేతుల వేళ్లతో సమానంగా నొక్కి వదులుతూ చెవి ఆనించాను. మావాడు కూడా వంగాడు.

"ఏమైనా వినపడుతోందా?"

"లేదు. టోపీ అతికించు."

అతికించాక సెల్లు పెట్టాను. ఎర్రచుక్క వైపు కోన్ ముందుకు వచ్చింది. మిగతా మూడింటిలో ఒకటి కూడా గరగరమంటోందట, ఆదివారం తెస్తానన్నాడు. ఆంప్లిఫయర్ కూడా తెమ్మన్నాను.