ఫార్మాట్ కొట్టే ముందు

కంప్యూటర్ మొరాయిస్తే మన దగ్గర మొదట వినిపించే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’, అంటే డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా మొదలుపెడదామని. హనుమకొండ చౌరస్తాలో అడిగినా, ములుగులో అడిగినా అదే జవాబు. ఆ మాట వింటే నాకు గుండె ఝల్లుమంటుంది. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తాను కనుక చుట్టాల కంప్యూటర్లన్నీ చివరికి నా బల్ల మీదికే వస్తాయి. అలా వచ్చిన వాటిలో మా చిన్నమ్మ కొడుకు డీటీపీ సెంటర్ కంప్యూటర్ గురించి వివరంగా రాస్తున్నాను. అదే తిప్పలు పడుతున్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

తమ్ముడి దుకాణం ములుగులో. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీ డిజైన్లు, జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు. రెండేళ్లకోసారి మేడారం జాతర, పెళ్లి ముహూర్తాలు కలిసి వచ్చే ఆ రోజుల్లో అతనికి అన్నం తినే తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు క్రాక్ (డబ్బు కట్టకుండా దాన్ని దొంగగా నడిపించే ప్రోగ్రాము) దొరికిందని దించుకున్నాడు. ‘యాంటీవైరస్ ఆపండి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి’ అని దాంతోపాటు ఒక కాగితం లాంటి ఫైలు వచ్చింది. అందులో చెప్పినట్టే చేశాడు. రీస్టార్ట్ అడిగితే సరే అన్నాడు. ఆ తర్వాత విండోస్ రానే లేదు. నీలం తెర, మళ్లీ రీస్టార్ట్, మళ్లీ నీలం తెర.

యాంటీవైరస్ ఆపమనే ఆ సూచన దగ్గరే అసలు ప్రమాదం ఉంది. కాపలాను మనమే పక్కకు తప్పించి, మొత్తం యంత్రం మీద పెత్తనం ముక్కూ మొహం తెలియని ప్రోగ్రాముకు అప్పగిస్తున్నాం. అది విండోస్ ఫైళ్లను మార్చవచ్చు, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే లేచే డ్రైవర్‌ను (విండోస్ లోతుల్లో పనిచేసే ప్రోగ్రామును) పెట్టవచ్చు. ఆ డ్రైవర్ సరిపడకపోతే విండోస్ లేవలేక పడిపోతుంది.

ఫోన్‌లో నేను అతనికి చెప్పినవి ఇవే: మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకు, నెట్ వైరు పీకేయి, ఎవరినీ ఫార్మాట్ చేయనివ్వకు. క్రాక్‌లతో వచ్చేవాటిలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకాలు ఉన్నాయి. 2018 నుంచి తిరుగుతున్న ‘స్టాప్’ అనే అలాంటి వైరస్‌ల కుటుంబం ఎక్కువగా వ్యాపించింది ఈ దారిలోనే. అలాంటిది లోపల ఉంటే, యంత్రం నడిచే ప్రతి నిమిషం ఇంకొన్ని ఫైళ్లు పోతాయి.

సీపీయూను దుప్పటిలో చుట్టి బస్సులో తెచ్చాడు. నేను ముందు బాగుచేసే పని పెట్టుకోలేదు. ఫైళ్లు బయటికి తీయడమే మొదటి పని. నా ల్యాప్‌టాప్‌లో ఒక పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేశాను. కంప్యూటర్ ఆన్ అవుతుండగా బూట్ మెనూ కీ నొక్కి (కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, ఇలా మారుతుంది) ఆ పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టాను. ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ ఎంచుకుంటే చాలు, హార్డ్‌డిస్క్ మీద ఏమీ రాయదు. చచ్చిపోయిందనుకున్న డిస్క్‌లో ఫోల్డర్లన్నీ తెర మీద కనిపించాయి. తమ్ముడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కొత్త ల్యాప్‌టాప్ అయితే ఈ దశలో బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) అడ్డు రావచ్చు. దాని 48 అంకెల రికవరీ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ముందే చూసి రాసి పెట్టుకోండి.

‘డీ డ్రైవ్‌లో ఉన్నవి ఎక్కడికీ పోవు’ అని దుకాణాల్లో ధైర్యం చెబుతారు. కానీ మనవాళ్లు పని అంతా డెస్క్‌టాప్ మీద పెడతారు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, ఇవన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. సీ ఫార్మాట్ అయితే అవీ పోతాయి. తమ్ముడి పెళ్లి పత్రికల నమూనాలన్నీ అక్కడే ఉన్నాయి. డీటీపీ వాళ్లకు ఇంకొకటి చెప్పాలి: ఫాంట్లు. పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) కావు. అవి ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు రూపాలు కూర్చుకున్నవి. ఫైలు దక్కి ఫాంటు పోతే ‘చి॥ల॥సౌ॥’ ఉండాల్సిన చోట అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. అందుకే అతను డబ్బు పెట్టి కొన్న ఫాంట్లను విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ నుంచి విడిగా తీశాను. సెటప్ ఫైళ్లు, ప్రోగ్రాములు ఒక్కటి కూడా తీసుకోలేదు. తాళం పడ్డ ఫైళ్లకు వచ్చే కొత్త తోక ఏ ఫైలు పేరు చివరా లేదు, ‘రీడ్‌మీ’ పేరుతో బెదిరింపు లేఖా లేదు. అప్పుడు నేను కూడా కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తర్వాతే విండోస్ వైపు వెళ్లాను. అది వరుసగా కొన్నిసార్లు మొదలుకాలేకపోతే రికవరీ తెర దానంతట అదే వస్తుంది. స్టార్టప్ రిపేర్ చేతులెత్తేసింది. సిస్టమ్ రీస్టోర్‌లో మాత్రం క్రాక్ వేయకముందు తేదీ ఒకటి ఉంది. అది ఎంచుకుంటే డ్రైవర్లు, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) ఆ తేదీకి వెనక్కి వెళ్లి విండోస్ లేచింది.

“అయిపోయింది కదా, తీసుకెళ్తాను అక్కా” అన్నాడు.

వద్దన్నాను. మా ఇద్దరికీ వాదన జరిగింది ఇక్కడే. లేచిన కంప్యూటర్ శుభ్రమైన కంప్యూటర్ కాదు. రీస్టోర్ వల్ల తెర వచ్చింది కానీ, లోపలికి వచ్చింది ఎక్కడెక్కడ దాక్కుందో, ఏమేమి బయటికి పంపిందో దాంతో తేలదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు (పాస్‌వర్డ్ మళ్లీ అడగకుండా సైట్లు గుర్తుపట్టే ఫైళ్లు) ఎత్తుకెళ్లే ప్రోగ్రాములు క్రాక్‌ల వెంటే వస్తాయి. అతని దుకాణంలో ఉన్నవి అతని పాస్‌వర్డులు మాత్రమే అయితే నేను ఇంత పట్టుబట్టేదాన్ని కాదేమో. దరఖాస్తు కోసం వచ్చిన ప్రతి ఒక్కరి ఆధార్ కాపీ, పట్టాదారు పాసుపుస్తకం, కులం సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ స్కాన్ చేసి డౌన్‌లోడ్స్‌లో వదిలేశారు. ఆ మనుషులు మన మీద నమ్మకంతో ఇచ్చారు. వాళ్లకు క్రాక్ అంటే ఏమిటో కూడా తెలియదు. ఆ మాట అన్నాక అతను ఇంక వాదించలేదు.

కాపీ చేసినవి విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చేసి, నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాం. ఆ తర్వాతే అతని డిస్క్‌లోని పార్టిషన్లన్నీ (సీ, డీ లాంటి భాగాలు) తీసేసి విండోస్ కొత్తగా వేశాను. కంపెనీ కంప్యూటర్ కనుక లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంది, ఇన్‌స్టాల్ అవుతూ అదే తీసుకుంది. ఈలోగా అతను తన ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసి, వాట్సాప్‌లో లింక్ అయిన కంప్యూటర్‌ను తొలగించాడు. ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించేదాన్ని, ఆ అవసరం రాలేదు.

మరి డిజైన్ పని దేంతో? ఇంక్‌స్కేప్, జింప్, స్క్రైబస్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఉచితం, చట్టబద్ధం. మన కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం తెలిసి దొంగ కాపీ వాడినా జైలు శిక్ష ఉంది, అది దుకాణం నడిపేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఫాంట్లకూ కొదవ లేదు. రామభద్ర, మల్లన్న, మండలి లాంటివి ఉచితంగా దొరుకుతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన ‘పోతన’ ఫాంటు నాకు ప్రత్యేకంగా ఇష్టం. బమ్మెర మా పాత వరంగల్ జిల్లాలోనిదే కదా! అయితే ఉచితమైనవన్నీ ఆఫ్‌సెట్ ప్రెస్‌కు సరిగ్గా సరిపోతాయని చెప్పను. నాలుగు రంగుల విభజన దగ్గర ఇంక్‌స్కేప్ ఇబ్బంది పెడుతుంది. పాత పత్రికల నమూనాలు అందులో యథాతథంగా తెరుచుకోవు. అందుకే ఒక్క సాఫ్ట్‌వేర్‌కు నెలవారీ చందా కట్టమన్నాను. సీజన్‌లో కొన్ని పత్రికల ఆర్డర్లతో అది వచ్చేస్తుందని అతనే లెక్క వేసుకున్నాడు.

స్కాన్లు మాత్రం పని అయిన రోజే తీసేయాలని ఒప్పించాను. ఫోన్ నంబర్లు ఉన్న కస్టమర్లకు అతనే ఫోన్ చేసి జరిగింది చెప్పాడు, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోమన్నాడు. కొందరు కోప్పడ్డారు, ఆ కోపం న్యాయమే. ఎలా చేయాలో తెలియనివాళ్లకు ఇప్పుడు దుకాణంలో కూర్చోబెట్టి, డబ్బు తీసుకోకుండా, వాళ్ల ఫోన్‌లోనే లాక్ చేసి పంపిస్తున్నాడు.