గుక్కతిప్పుకోకుండా చదివేస్తారు, ఒక్క ముక్క చెప్పలేరు

'జిమ్మయ్య బొంకరం మీద దిమికలు పరిచాడు.' ఈ వాక్యంలో బొంకరం ఏమిటో, దిమికలేమిటో ఎవరికీ తెలీదు. నేను కల్పించిన మాటలవి. అయినా 'దిమికలు ఎక్కడ పరిచాడు?' అని అడిగితే నాలుగో తరగతి పిల్ల 'బొంకరం మీద' అని ఠక్కున చెప్పేస్తుంది. పూర్తి మార్కులు! చదివింది అర్థమైందో లేదో చూడటానికి అపరిచిత గద్యం కింద టీచర్లం మనం ఇచ్చే ప్రశ్నల్లో చాలావాటి సంగతి ఇదే. ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెతికి, దాని పక్కనున్నది ఎత్తిరాస్తే సరిపోతుంది. ఈ కిటుకు మూడో తరగతికే పట్టుబడుతుంది. ఐదో తరగతి దాకా దాంతోనే నెట్టుకొస్తారు.

పిల్లవాడు జవాబు చెప్పలేకపోతే లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. అదే స్థాయి పేరా ఇంకోటి మీరే చదివి వినిపించి, అలాంటి ప్రశ్నలే అడగండి. విన్నప్పుడు చెప్పగలిగి, చదివినప్పుడు చెప్పలేకపోతే తంటా అక్షరాల దగ్గరుంది. వత్తులు, సంయుక్తాక్షరాలు కూడబలుక్కునేసరికి వాక్యం మొదలు మర్చిపోతాడు. అలాంటివాడితో రోజూ పది నిమిషాలు ఒకే చిన్న పేరాను మళ్లీ మళ్లీ చదివించాలి, ప్రశ్నలు తర్వాత. విన్నా చెప్పలేకపోతే మాటలే తెలీడం లేదన్నమాట. ఇంట్లో గోండి, కోయ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లలైతే జవాబు వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి. పక్కవాడు తెలుగులో చెప్తాడు. అర్థమైందా, తెలుగులో చెప్పడం రాలేదా అన్నది అప్పుడు విడిగా తెలుస్తుంది.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. గడియారం పెట్టి పదాలు లెక్కపెట్టడం తేలిక, అందుకని లెక్క మిగిలి అర్థం జారిపోతోంది. పైగా తెలుగులో 'నేను' ఒక పదమే, 'వెళ్లిపోవాల్సివచ్చిందని' కూడా ఒక పదమే. వేర్వేరు పేరాల మీద వచ్చిన అంకెల్ని పక్కపక్కన పెట్టి ఫలానా పిల్ల వెనకబడింది అనకండి.

ఇక చదివించే పేరా. మూడో తరగతికి 40, 50 పదాలు, నాలుగు, ఐదు తరగతులకు 80 నుంచి 100 పదాలు చాలు. 50 పదాల్లో తెలియనివి ఐదు దాటితే ఆ పేరా పక్కన పెట్టేయండి. ఉదాహరణకు, ఇంకా చిన్నదే అయినా, ఈ పేరా చూడండి:

'సూరయ్య తెల్లవారకముందే గంప నెత్తిన పెట్టుకుని సంతకు బయలుదేరాడు. వాగు దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. వెంటనే భుజం మీది తువ్వాలు తీసి గంప మీద కప్పాడు. తాను తడుస్తున్నా ఆగలేదు. సంతకు చేరేసరికి దుకాణాలన్నీ సర్దేస్తున్నారు. గంప దించకుండానే వెనుదిరిగాడు.'

చదవకముందు రెండు మూడు మాటలకు మించి అర్థాలు చెప్పొద్దు. వారపు సంతను 'అంగడి' అనే తెలంగాణ ఊళ్లలో ఆ ఒక్క ముక్కా ముందే చెప్పండి. 'వెనుదిరిగాడు' మాత్రం చెప్పకుండా వదిలేయండి, పక్క మాటల సాయంతో వాళ్లే పట్టుకుంటారు. కథంతా ముందే చెప్పేస్తే ఇక చదవాల్సిన అవసరమేముంది? చాలా తరగతుల్లో జరిగేది సరిగ్గా ఇదే.

మొదట మీరు ఒకసారి ఆపకుండా చదవండి. తర్వాత పిల్లలు ఎవరికి వాళ్లు మనసులో చదువుకోవాలి. మూడోసారి మీరే చదువుతూ వాక్యానికో చోట ఆగి అందరినీ ప్రశ్నలడగండి. ఒక్కొక్కరితో ఒక్కో వాక్యం పైకి చదివించే పద్ధతి మానేయడం మంచిది. తన వంతు వాక్యం ఏదో లెక్కేసుకుని దాన్నే వల్లించుకుంటూ కూర్చుంటారు, మిగతాది చెవికెక్కదు. అలాగని అందరూ గొంతు కలిపి చదివితే రానివాళ్లు అందులో దాక్కుంటారు.

ఆగిన చోట అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎవరు?' తెలుగులో కర్తను ఒకసారి చెప్పి ఆ తర్వాత వదిలేస్తాం. పై పేరాలో సూరయ్య పేరు మొదటి వాక్యంలోనే ఉంది. దాటింది ఎవరు, కప్పింది ఎవరు, తడిసింది ఎవరు? ప్రతి క్రియ కిందా గీత గీసి, అక్కడి నుంచి ఆ మనిషి దాకా బాణం గీయించండి. రెండో వాక్యం దగ్గర కొందరు తప్పకుండా బోల్తా పడతారు: వాగు దాటినవీ మొదలైనవీ రెండూ చినుకులే అంటారు. 'తీసి కప్పాడు' అంటే రెండు పనులూ ఒకరివే, 'దాటేసరికి' అన్నప్పుడు మాత్రం తర్వాతి పని వేరేవాళ్లది కావచ్చు. సూత్రం చెప్పకుండానే నాలుగైదు వాక్యాలతో ఈ తేడా చూపించొచ్చు.

క్రియ చివర 'డు' ఉంటే కొంత నయం. 'ది' దగ్గర అసలు చిక్కు. 'అమ్మ కుడితి పెట్టగానే ఆవు గటగటా తాగింది. తర్వాత తొట్టి కడిగింది.' కడిగింది ఎవరు? క్రియను బట్టి ఆవూ కావచ్చు, అమ్మా కావచ్చు. ఆవు తొట్టి కడగదని మనకు తెలుసు కాబట్టి అమ్మ. ఇలాంటివి నాలుగు బోర్డు మీద రాస్తే తరగతి నవ్వుతుంది, నవ్వుతూనే నేర్చుకుంటుంది.

ఆ తర్వాత మాట తోకలు. 'తడుస్తున్నా ఆగలేదు'లో ఆ చివరి దీర్ఘం చూడకపోతే వాక్యం తలకిందులవుతుంది. 'దించకుండానే', 'పోయిందన్నాడు' లాంటివి విడదీయించండి: పోయింది, అన్నాడు. పోయిందేది, అన్నదెవరు?

ఇక ఊహించి చెప్పే ప్రశ్నలు. 'గంపలో ఏముండొచ్చు?' పేరాలో ఎక్కడా లేదు. బెల్లం, ఉప్పు, మరమరాలు అంటారు. ఒకరు కోడిపిల్లలు అంటారు, అదీ సరైనదే. పుచ్చకాయలు అన్నవాళ్లను వెంటనే తప్పు అనకుండా 'ఏ మాట చూసి అన్నావు, వేలు పెట్టి చూపించు' అనండి. తువ్వాలు దగ్గరికి వేలు వెళ్లగానే, తడిస్తే పాడయ్యేదాన్నే కదా కప్పుతారని తట్టి జవాబు తనే మార్చుకోవచ్చు. 'దుకాణాలు ఎందుకు సర్దేస్తున్నారు?' అంటే సగం మంది పొద్దుపోయింది కాబట్టి అంటారు. తెల్లవారకముందే బయలుదేరాడు, దారిలో ఆగలేదు. ఆ రెండు చోట్లా మళ్లీ చదివిస్తే వానే కారణమని వాళ్లకే తడుతుంది. 'అర్థమైందా?' అని మాత్రం అడగొద్దు. 'అయింది సార్' తప్ప ఇంకేం వస్తుంది?

మర్నాడు పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పించాలి. ఊరికే చెప్పమంటే 'తర్వాత, తర్వాత' అంటూ ప్రతి వాక్యాన్నీ అప్పజెప్తారు. ఎవరు, ఏం చేయాలనుకున్నాడు, ఏం అడ్డొచ్చింది, చివరికేమైంది అని నాలుగు వాక్యాలకే కట్టడి చేయండి. రాయించడం ఆ తర్వాతే. జవాబులు బోర్డు మీద రాసిపెడితే అంతకుముందు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇదంతా తెలుగు పీరియడ్‌కే పరిమితం చేయకండి, లెక్కల్లోనూ పనికొస్తుంది. 'రవి దగ్గర 12 గోళీలున్నాయి. ఇవి రాజు దగ్గరున్న వాటికంటే 5 ఎక్కువ. రాజు దగ్గర ఎన్ని?' ఎక్కువ అన్న మాట కనబడగానే కూడేసి 17 అంటారు. కూడికలు, తీసివేతలు మళ్లీ చేయిస్తే లాభం లేదు. అంకెలు చెరిపేసి వాక్యం మాత్రం ఉంచండి. 'ఇవి' అంటే ఎవరివి? ఇద్దరిలో ఎవరి దగ్గర ఎక్కువున్నాయి? రవి దగ్గర అన్న జవాబు వచ్చాకే అంకెలు తిరిగి రాయండి.