ఏజెంటు కోసం ఏడు నెలలు

జాలరిపేట మీద నాలుగేళ్లు కూర్చుని రాసిన నవలను నేనే ఇంగ్లీషులో తిరగరాశాను. తెలుగు పుస్తకానికి ఏజెంటు, అంటే రచయిత తరఫున ప్రచురణకర్తకు పుస్తకం అమ్మిపెట్టే మనిషి, అవసరం నాకెప్పుడూ రాలేదు. మనం ప్రచురణకర్తను నేరుగా కలుస్తాం, కుదరకపోతే సొంత డబ్బుతో అచ్చు వేయించుకుంటాం. లండన్, న్యూయార్క్‌లలో పెద్ద సంస్థలు చాలావరకు ఏజెంటు ద్వారా వస్తే తప్ప రాతప్రతిని చూడవని తెలిసి వెతకడం మొదలుపెట్టాను.

మొదట కంటికి కనిపించిన ఒక ఏజెన్సీకి పంపేశాను. నాలుగో రోజే జవాబు, అదీ నిండా పొగడ్తలతో. 300 పేజీలు అంత త్వరగా ఎలా చదివారన్న అనుమానం వచ్చినా, ఆ మాటల తీపి ముందు అది నిలవలేదు. రెండో ఉత్తరంలో పరిశీలన రుసుము 18,000 రూపాయలు అడిగారు. కట్టడానికి సిద్ధపడుతుంటే మా తమ్ముడు, "అక్కా, వీళ్లు నీ పుస్తకం అమ్మి బతుకుతారా, నీ దగ్గర వసూలు చేసి బతుకుతారా?" అన్నాడు. వాడు బ్యాంకు ఉద్యోగి, సాహిత్యంతో సంబంధం లేదు. కానీ అసలు ప్రశ్న అదే.

ఏజెంటుకు రావలసింది పుస్తకం అమ్ముడయ్యాక కమీషన్ మాత్రమే. సొంత దేశంలో అమ్మితే సాధారణంగా 15 శాతం, విదేశీ, అనువాద హక్కులకు 20 శాతం. చదవడానికి రుసుము తీసుకోకూడదని అమెరికా ఏజెంట్ల సంఘం తన సభ్యులకు నియమం పెట్టింది. మోసాల గురించి రచయితలను హెచ్చరించే 'రైటర్ బివేర్' 1998 నుంచీ పనిచేస్తోంది. ఇవన్నీ ముందే చదివి ఉంటే నా నవల ఆ చేతుల్లో పడేది కాదు.

ఆ తరువాత విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లడం అలవాటైంది. నా నవలకు దగ్గరగా అనిపించిన ఇంగ్లీషు నవల ఏది దొరికినా ముందు చివరి పేజీలే తిప్పేదాన్ని. రచయితలు తమ ఏజెంటుకు కృతజ్ఞతలు చెప్పుకునేది అక్కడే. ఒక రచయిత్రి, తన ఏజెంటు ఒకే అధ్యాయాన్ని మళ్లీ మళ్లీ చదివి దారి చూపిందని రాసింది. ఆ ఏజెంటు పేరు నోటుబుక్కులో రాసుకుంటుంటే చేయి కొంచెం వణికింది. ఎవరి పుస్తకాలు ఎవరి ద్వారా వెళ్లాయో అలా 23 పేర్లు పోగయ్యాయి. నేర పరిశోధన నవలలు మాత్రమే చూసేవాళ్లను, కొత్త రాతప్రతులు తీసుకోవడం ఆపేసినవాళ్లను కొట్టేస్తే తొమ్మిది మిగిలాయి. జైపూర్‌లోని సియాహీ లాంటి ఏజెన్సీలు మన దేశంలోనే ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది.

ఒకరు మొదటి మూడు అధ్యాయాలు అడుగుతారు, మరొకరు పది పేజీలు మెయిల్‌లోనే అతికించమంటారు. ఎవరి నియమం వాళ్లది. అన్నిటికంటే కష్టపెట్టింది కథాసారం. పుస్తకం వెనక అట్ట మీద ముగింపును దాచిపెడతాం, ఇక్కడ మాత్రం ఒకే పేజీలో చివరిదాకా చెప్పాలి. తుపాను రాత్రి నూకాలమ్మ పడవ తాడు వదిలేసే ఘట్టాన్ని రెండు వాక్యాల్లో చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

ఆరుగురికి పంపాను. ఇద్దరు మర్యాదగా కాదన్నారు. ఒకామె మొత్తం రాతప్రతి పంపమంది. పంపి, నోటుబుక్కులో ఆమె పేరు పక్కన తేదీ వేసుకున్నాను. ముగ్గురి గళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.